ఎర్ర పెన్సిల్ గీత

2025 జనవరి 20, సోమవారం

పళ్ల క్యాపులు చేసే మా ల్యాబ్‌కు మెటీరియల్ కంపెనీ వాళ్లు ఇచ్చిన కొత్త డైరీ. పోయినేడు ఇచ్చినది ఫిబ్రవరి మూడో తారీఖుకే ఆగిపోయింది. ఈసారైనా నడవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరి పళ్లో ముందు పెట్టుకుని కూర్చునేవాడికి మాట్లాడే మనిషి దొరకడు. నందినితో చెబుదామంటే, ఇంట్లో పళ్ల ఊసు ఎత్తవద్దని పెళ్లైన కొత్తలోనే ఒట్టు వేయించుకుంది.

డాక్టర్ రంజిత్ క్లినిక్ నుంచి ఇవాళ మూడు కేసులు వచ్చాయి. రెండు వెనక పళ్లకు క్యాపులు. మూడోది పైవరుస ముందు పళ్లకు బ్రిడ్జి. ఒక పన్ను లేదు, దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను చెక్కాడు, వాటి మీద మూడు పళ్లూ కలిపి కట్టి ఇవ్వాలి. చీటీ మీద 'గంగవ్వ, 49' అని ఉంది. ఆకారం పోల్చుకోవడానికి, చెక్కకముందు తీసిన ప్లాస్టర్ అచ్చు కూడా పంపాడు.

చెక్కిన తర్వాతి అచ్చు చూస్తే ఎప్పటి కథే. క్యాప్ కోసం పన్ను చెక్కడానికి ఒక పద్ధతి ఉంది. గోడలు దాదాపు నిటారుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ కొంచెమే సన్నబడాలి. స్టీలు గ్లాసు మీద ఇంకో స్టీలు గ్లాసు బోర్లిస్తే పట్టుకుంటుంది చూడు, క్యాప్ అలా పట్టుకోవాలి. చుట్టూ కింద అంచు స్పష్టంగా కనబడాలి, క్యాప్ వచ్చి అక్కడ ఆగాలి. అన్నిటికంటే ముందు, అవసరమైనంతే చెక్కాలి. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, పన్ను పెరగదు. హైదరాబాద్‌లో డిప్లొమా మొదటి రోజున మా సారు చెప్పిన మాట ఇది.

ఈ గంగవ్వ పళ్లు రెండూ బోర్లించిన గరాటుల్లా ఉన్నాయి. అంచు అసలే కనబడలేదు.

నాకు తెలిసిన మందు ఒకటే. ప్లాస్టర్‌ను బ్లేడుతో గీకి, అంచు ఉండాల్సిన చోట ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత గీస్తాను. ఆ గీత దాకా క్యాప్ చేస్తాను. అచ్చు మీద ముద్దుగా కూర్చుంటుంది. నోట్లో కొంచెం అటూ ఇటూ అయితే డాక్టర్ సిమెంటుతో సర్దుకుంటాడు. పదకొండేళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు.

పాత అచ్చులో ముందు పంటి కొనకు చిన్న గాటు ఉంది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఉంటుంది, దారం కొరికి కొరికి పడుతుంది. కత్తెర పక్కనే ఉన్నా పంటితోనే తెంపుతారు. ఈ చుట్టుపక్కల ఇలాంటి నోళ్లు వెయ్యి ఉంటాయి.

జనవరి 21

వెయ్యి కాదు, ఇంకా ఎక్కువే ఉంటాయి. గంగవ్వ అనే పేరు కూడా ప్రతి వాడకూ నలుగురికి ఉంటుంది. మా అక్క పేరు గంగవ్వ అయినంత మాత్రాన ఊళ్లో గంగవ్వలందరూ మా అక్కలు కారు.

జనవరి 22

డాక్టర్ రంజిత్‌కు ఫోన్ చేశాను. చెప్పాల్సిన మాట పొద్దున్నే మనసులో పేర్చుకున్నాను. 'సార్, గోడలు మరీ వాలిపోయాయి. ఇంకా చెక్కకుండా, పక్కలకు రెండు సన్నటి గాడులు పెడితే క్యాప్ నిలబడుతుంది. అంచు ఒకసారి తేల్చి మళ్లీ కొలత తీయండి.' అంతే. అర నిమిషం మాట.

"చెప్పన్నా" అన్నాడు. వెనక డ్రిల్లు మోగుతోంది.

"సార్, గా గంగవ్వ బ్రిడ్జి..."

"షేడ్ గురించా? ఒక నంబర్ తెల్లగనే వెయ్యి. ఆమె మొగడు మస్కట్ నుంచి వస్తుండట, ఆరేండ్ల తర్వాత. జల్దీ కావాలంటుంది. మంగళవారం ఇస్తవ్ గద?"

"ఇస్త సార్" అన్నాను.

మా బావ ఉండేది మస్కట్‌లోనే. మస్కట్‌లో మా బావ ఒక్కడే లేడు. మా వేల్పూర్ మండలం సగం అక్కడే ఉంది.

జనవరి 24

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పుడు అక్కకు పదిహేడు. చాటలో ఆకు, పొగాకు పెట్టుకుని వాకిట్లో కూర్చుంటే మళ్లీ చీకటి పడేదాకా లేచేది కాదు. నేను ఎదురుగా కూర్చుని పుస్తకం చదవాలి, గట్టిగా, ఆమెకు వినబడేలా. చదవడం ఆపితే తల ఎత్తేది. ఆ పంటి గాటు నా కళ్లముందే పెద్దదైంది. నీ పంటికి దర్వాజ పెట్టించుకున్నావా అక్కా అని ఆటపట్టించేవాణ్ణి. నా చదువంతా ఆ దర్వాజలోంచే వచ్చింది.

మూడేళ్ల కింద మెట్ల మీద పడి దాని పక్క పన్ను ఊడినప్పుడు, నేను మంచి డాక్టర్‌కు చూపించి కట్టిస్తాను అన్నాను. దసరా పోనీ అన్నాను. తర్వాత ఎండలు పోనీ అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఇవాళ వేల్పూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. 'స' పలికిన చోటల్లా ఎప్పటికంటే ఎక్కువ గాలి పోతోంది.

"మాట గట్లొస్తుందేంది అక్కా?"

"ఏం లేదు తమ్మీ, జర సర్ది వట్టింది."

సర్ది పట్టే కాలమే ఇది.

జనవరి 26

నాకు తెలుసు. ఇరవయ్యో తారీఖునే తెలుసు. పాత అచ్చును చేతిలోకి తీసుకున్నప్పుడే బొటనవేలు దానంతట అది ఆ గాటు మీదికి పోయింది.

చెక్కిన అచ్చులో ఆ గాటు లేదు, గాటున్న పన్నునే చెక్కేశారు.

జనవరి 27

చెప్పవచ్చు. ఇంకా బిగించలేదు. పళ్లను ఇంకా కాపాడవచ్చు. ఒక్క ఫోన్.

చెప్పలేను. ల్యాబ్ పెట్టిన కొత్తలో ఒక పెద్ద డాక్టర్‌కు చెప్పి చూశాను, అంచు కనబడటం లేదు సార్ అని. క్లినిక్‌లో పేషెంట్ల ముందే, "నోరు చూసింది నేనా, నువ్వా?" అన్నాడు.  ఆ రోజు సాయంత్రమే మొదటిసారి ఎర్ర పెన్సిల్ పట్టుకుని నాకు తోచిన చోట గీత గీశాను. ఆ క్యాప్ చూసి ఆ డాక్టరే భేష్ అన్నాడు. రంజిత్ అలాంటివాడు కాదు. మర్యాద ఉన్న పిల్లవాడు, నన్ను అన్నా అని తప్ప పిలవడు. నోరు లేనిది నాకే.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. ఇంత అందమైన బ్రిడ్జి నా చేతిలో ఇంతవరకూ తయారు కాలేదు. అచ్చు మీద పెడితే వెంట్రుక దూరే సందు లేదు. నేను గీసిన గీత మీద సరిగ్గా కూర్చుంది.

జనవరి 28

ఇచ్చేశాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

నందినీ నేనూ వేల్పూర్ వెళ్లాం. దారంతా పసుపు ఉడకబెడుతున్నారు, బస్సు కిటికీ వేసినా ఆ వాసన ఆగలేదు. అక్క గడపలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గరికి వెళ్లాక కొంగు తీసి నవ్వింది.

మూడు పళ్లూ మెరుస్తున్నాయి. నందిని రెండు చేతులూ పట్టుకుని, "వదినా, పదేండ్లు తగ్గినవ్" అంది. నిజంగానే తగ్గింది. ఇన్నేళ్లకు మా అక్క నోరు తెరిచి నవ్వడం నేను మళ్లీ చూశాను. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషం అనుకుని నందిని తన కొంగు అందించింది.

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే నువ్వు అందరి పని వక్కకు వెట్టి నాదే ముందటేసుకుంటవ్. అక్కనని వేరే తీరుగ చేస్తవ్. డాక్టర్‌కు గదే చెప్పిన. నేను సుకుమార్ అక్కను, గని తమ్మునికి చెప్పకుండ్రి. మందికి ఎట్ల చేస్తడో నాకు గట్లనే చెయ్యాలె అన్న." మళ్లీ నవ్వింది. "మందికి చేసినట్టే చేసినవా, లేదా?"

"మందికి చేసినట్టే చేసిన అక్కా."

చాట ముందర కూర్చుంది. ఒక బీడీ కట్టి, అలవాటుగా దారం నోటికి తీసుకుంది. వద్దక్కా అన్నాను. కత్తెర వెతికి చేతికిచ్చాను. దాన్ని పక్కన పెట్టి, గోటితో తెంపింది.

ఫిబ్రవరి 19

చన్నీళ్లు తాగితే జివ్వుమంటోందట. తోముకుంటే చిగురు నుంచి రక్తం వస్తోందట. కొత్తలో అలాగే ఉంటుందని చెప్పాను.

కొత్తలో అలాగే ఉంటుంది.

మార్చి 9

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేతిలో క్యాప్‌కు పూసే సిరామిక్ ఉంది.

మార్చి 16

బావ వచ్చాడు. నందిని ఫోన్‌కు ఫోటో వచ్చింది, ఇద్దరూ పక్కపక్కన, సిద్ధులగుట్ట మీద. బావ బిగుసుకుని నిలబడ్డాడు. అక్క నవ్వుతోంది. ఫోటో పెద్దది చేసి పంటి అంచు చూశాను. చిగురు ఎర్రగా, కొంచెం నీలంగా ఉంది.

ఫోన్ నందినికి ఇచ్చేశాను. ఎలా ఉందో చెప్పమంది. బాగుంది అన్నాను.

ఏప్రిల్ 11

బావ మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. ఇక ఆగడానికి సాకు లేక, ఇవాళ క్లినిక్‌కు నేనే వెళ్లాను. బెంచీ మీద పదిమంది కూర్చున్నారు. డాక్టర్ రంజిత్ గ్లవ్స్ తీయకుండానే బయటికి వచ్చాడు.

"సార్, గా గంగవ్వ మా అక్క అని మీకు ఎర్కనే గద."

"ఎర్కనే అన్నా, ఆమెనే చెప్పింది. మస్తు ఖుషీగున్నది."

"చిగురు వాచింది సార్. రక్తం వస్తుంది. అంచు కాడ జర..."

"బ్రష్ మంచిగ చెయ్యమను. అంచుకు ఏం రంది లేదన్నా, గది నీ చేతిది గద." పక్కన నిలబడ్డ నర్సు వైపు తిరిగాడు. "వాణీ, గీ అన్న చేసే అంచు జిల్లాల ఎవ్వలు చెయ్యలేరు. నేను పన్ను ఎట్ల చెక్కినా గీయన క్యాప్ కూసుంటది."

ఆయన వెక్కిరించడం లేదు. నిజంగా మెచ్చుకుంటున్నాడు. ఆయన చెక్కింది ఆయనకు ఎప్పుడూ కనబడలేదు. కనబడకుండా చేసింది నేనే. అచ్చు తిరిగి వెళ్లేటప్పటికి దాని మీద నా గీత ఉండేది, ఎర్రగా, నిండుగా. అది చూసి తన పని బాగుందనుకునేవాడు. ఒక్కసారైనా ఆ అచ్చును అలాగే వెనక్కి పంపి ఉంటే, మొదటి ఏడాదే నేర్చుకునేవాడు. తెలివైన పిల్లవాడు.

బెంచీ మీద కూర్చున్న పదిమంది నోళ్ల వైపు చూడలేకపోయాను. కొత్త కేసులు రెండు సంచిలో పెట్టించుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 12

రెండింటికీ గీత గీశాను.

జూన్ 3

అక్కకు నొప్పి లేదట. "తనంతల తనే తగ్గింది తమ్మీ" అంది. నొప్పి తనంతట తాను తగ్గడమంటే లోపల నరం చచ్చిందని. నందిని మాత్రం, పోనీలే తగ్గింది కదా అంది. నేనూ పోనీలే అన్నాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీ పండగ. పది గంటలకు అక్క బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కే వచ్చింది. ఇంటికి కాదు. నోటికి కొంగు అడ్డం ఉంది. నేను లేచేలోపే కూర్చోమని సైగ చేసి, బొట్టు పెట్టి, చేతికి రాఖీ కట్టింది. దారం కొసలు పొడుగ్గా మిగిలాయి.

"కత్తెర ఉన్నదా తమ్మీ?"

మా అక్క రాఖీ దారం ఏనాడూ కత్తెరతో కోయలేదు. కట్టి, చేతి మీదికి వంగి, పంటితో తెంపేది. ఆ వెచ్చటి ఊపిరి మణికట్టుకు తగిలితేనే రాఖీ కట్టినట్టు. కత్తెర ఇచ్చాను. కోసింది. సంచిలోంచి తునికాకు పొట్లం తీసి బల్ల మీద విప్పింది.

మూడు పళ్ల బ్రిడ్జి.

"నీ పని ఖరాబ్ చేసిన తమ్మీ" అంది. "మొన్న మక్క కంకి కాల్చిండ్రు. వద్దనుకుంటనే కొరికిన. పటుక్కుమన్నది. గింత ముద్దుగ చేసిచ్చినవ్, ఏడు నెలలు గూడ కాపాడుకోకపోతిని."

బ్రిడ్జిని దీపం కిందికి తెచ్చాను. ఒక క్యాప్ లోపల ఖాళీ, నల్లగా, వాసన. చిగురు కింద నా గీతకూ అసలు పంటికీ మధ్య ఉన్న సందులో ఆర్నెల్లుగా చేరిందంతా అక్కడే ఉంది. రెండో క్యాప్ నిండుగా ఉంది. లోపల మా అక్క పన్ను ఉంది. చెక్కి చెక్కి అగ్గిపుల్లంత మిగిల్చిన మొద్దు, చిగురు దగ్గర విరిగి వచ్చేసింది.

అప్పుడు చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, చెప్పాను.

"అక్కా, నీ తప్పు గాదు. చెక్కినకాడ్నే తప్పు వడ్డది. నేను జనవరిలనే చూసిన. చూసి ఊకున్న."

"నువ్వేం చూస్తవ్? నోరు చూసేది డాక్టర్ గద."

"అచ్చుల కనబడ్డది. అంచు లేకుంటె నేనే ఉత్తగ గీత గీసి చేసిన. నీ పన్నని గూడ నాకు ఎర్కనే. ఒక్క ఫోన్ చేస్తే నీ పన్ను బతుకుతుండె. చెయ్యలే."

 అక్కకు కోపం వస్తుందనుకున్నాను. రావాలని కోరుకున్నాను. ఆమె కొంగు చాటున నవ్వింది.

"నీ గుణం పోలే తమ్మీ. యాదికున్నదా, బీడీలు సక్కగ లేవని కార్ఖానాల నన్ను తిడ్తుంటే, నేను చుట్టిన సార్, మా అక్క గాదు అన్నవ్. ఎనిమిదేండ్ల పోరనివి. ఆకు వట్టుడు గూడ రాదు నీకు. ఇప్పుడు గూడ నా తప్పు నీ మీదేసుకుంటున్నవ్."

"నిజం చెప్తున్న అక్కా."

"ఊకో. ముప్పై ఏండ్లు దారం కొరికిన పన్ను. ఎంతకని ఉంటది?" లేచి, నా తల మీద చేయి వేసింది. "గందుకే నీకు చెప్పకుండ చేయించుకున్న. చూడు, ఎట్ల ఏడుస్తున్నవో."

గూట్లో దాచిన పాత అచ్చు ఆమెకు కనబడింది. తీసుకుని, గాటులో గోరు పెట్టి చూసుకుంది. గీ దర్వాజ ఇంకా ఉన్నదే అంది. ఉన్నచోటే పెట్టేసి, బ్రిడ్జి మాత్రం పొట్లం కట్టుకుంది, డాక్టర్‌కు చూపించాలని.

ఆగస్టు 13

విరిగిన పంటి వేరు తీసేశారట. గాయం మానాక ఇటు పక్క ఇంకో రెండు మంచి పళ్లు చెక్కి, మొత్తం ఐదింటికి పెద్ద బ్రిడ్జి వేస్తానన్నాడట డాక్టర్. వద్దక్కా, నేను నిజామాబాద్ తీసుకుపోతాను, ఇంకొకరికి చూపిద్దాం అన్నాను.

"నువ్వుండంగ వేరేటోల్లు ఎందుకు? చేసేది నువ్వే గద, నాకేం ఫికర్?"

ఆగస్టు 31

సెప్టెంబరు నాలుగు, గురువారం చెక్కుతారట. నేనూ వస్తాను, పక్కనే నిలబడతాను, నేను రాకుండా నోరు తెరవవద్దు అన్నాను. సరే అంది. మూడుసార్లు అనిపించాను.

డాక్టర్‌తో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. నాలుగే వాక్యాలు.

సెప్టెంబరు 3, బుధవారం

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. మాటలో గాలి పోతోంది. చెక్కడం ఇవాళే అయిపోయిందట.

"రేపు నువ్వు దుకాణం బంద్ వెట్టుకొని వస్తవని, నేనే ముందుగల్ల పోయిన. డాక్టర్ పాపం కాదనలే. అర్ధ గంటల అయింది."

సెప్టెంబరు 5

అచ్చు వచ్చింది. చీటీ మీద 'గంగవ్వ, 49'. కొత్తగా చెక్కిన రెండు పళ్లూ బోర్లించిన గరాటులే. అంచు కనబడలేదు.

ఫోన్ చేశాను. బయట వినాయకుడి దగ్గర మైకు మోగుతుంటే తలుపు వేసుకుని చేశాను. ఈసారి ఆయన షేడ్ ఊసు ఎత్తేలోపే చెప్పాను.

"సార్, అంచు కనబడ్తలేదు. మళ్ల కొలత తియ్యాలె."

"ఏందన్నా కొత్తగ?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పదకొండేండ్ల సంది నీకు కనబడుతనే ఉన్నది గద?"

"కనబడలే సార్. ఒక్కనాడు గూడ కనబడలే. అన్నిటికి నేనే గీసిన."

డ్రిల్లు ఆగింది.   ఆయన గొంతు మెత్తగానే ఉంది, పెద్దవాణ్ణి ఓదార్చినట్టు.

"గట్లయితే గీసారి గూడ నువ్వే గియ్యి అన్నా. ఇంకా మంచిగ గియ్యి. మీ అక్కనే గద."

 రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. మంగళవారం కల్లా కావాలన్నాడు.

ఎర్ర పెన్సిల్ ములికి అరిగిపోయింది. చెక్కుకుని అచ్చు ముందు కూర్చున్నాను.